రెండు ఎడమ సగాలు

పోత ఇనుముతో చేసిన నీళ్ల పంపుని నేను. పొలం గట్టు మీద ఇద్దరు మనుషులు మోసుకుపోయే చిన్న పంపుని కాను. నన్ను కాస్త జరపాలన్నా గొలుసులూ కప్పీలూ కావాలి. నత్తగుల్లలా ఒక పక్కకి చుట్టుకున్న ఒళ్లు నాది. ముందు నుంచి చూస్తే కింద నీళ్లు పీల్చుకునే గుండ్రటి నోరు, నడిమిన ఉబ్బెత్తుగా బేరింగు మూత, పైన ఎడమ పక్క ఒత్తిడి చూపించే ఇత్తడి గేజి. కుడి పక్క ఒట్టి ఇనుము. అక్కడ కూడా ఏదైనా ఉండాలని నన్ను తయారుచేసినవాళ్లకి అనిపించలేదు. నాకూ అనిపించలేదు, ఆ ఫొటో తీసేదాకా.

హౌరాలో ఒక ఫౌండ్రీలో నన్ను పోశారు. ఎర్రగా, జారుడుగా ఉన్నప్పుడు ఏమేమో కలలు కన్నట్టు గుర్తు. ఇసుక అచ్చులో చల్లారేసరికి అవన్నీ మరిచిపోయాను. మనుషులు కూడా పుట్టకముందు ఏమనుకున్నారో ఎవరికీ చెప్పరు కదా, అలాంటిదే ఇదీ అనుకుని సరిపెట్టుకున్నాను.

మొదట నన్ను కొన్నది ఒక చక్కెర ఫ్యాక్టరీ. అక్కడ నాకు ఆకుపచ్చ రంగు వేశారు. ఆయుధపూజ వచ్చిందంటే వాళ్లకొక చిక్కు వచ్చిపడేది. యంత్రానికి బొట్టు పెట్టాలి, సరే, మరి దీనికి నుదురు ఎక్కడ? ఒక ఏడాది ఇంజనీరు గేజి అద్దం మీదే పెట్టాడు. కుంకుమ ఎండి రాలేదాకా లోపలి ముల్లు ఎవరికీ కనపడలేదు. మరుసటేడు పురోహితుడు నీళ్ల గొట్టం మీద పెట్టాడు. ఇంకో ఏడాది ఎవరో నా వెనక్కి వెళ్లి వీపున బొట్టు పెట్టి, ముందుకొచ్చి దండం పెట్టుకున్నారు. ఎటు తిరిగి మొక్కితే నాకు అందుతుందో వాళ్లకి తెలియలేదు. చెబుదామంటే నాకూ తెలియదు.

ఆ ఫ్యాక్టరీ ఇంకా పెద్ద పంపు కొనుక్కుని నన్ను వదిలించుకుంది. శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డున ఉన్న ఒక గోనెసంచుల మిల్లు నన్ను తెచ్చుకుంది. నా బతుకులో ఎక్కువ భాగం అక్కడే గడిచింది. ఏటి గట్టున పల్లపు చోట ఒక గది, దానికి నీళ్ల వైపు ఒకే కిటికీ. ఎండ నీళ్ల మీద పడి, అక్కడి నుంచి లేచి, గది కప్పు మీద అలలు అలలుగా కదిలేది. మిల్లు లోంచి గోగునార నూగు గాలిలో తేలుతూ వచ్చి నా మీద మెత్తగా పరుచుకునేది. నేను తిరుగుతూ ఉండేదాన్ని. ఎంత తిరిగినా ఉన్నచోటే ఉండటంలో ఒక మత్తు ఉంటుంది. ఏరు నాలోంచి వెళ్లిపోతోందా, నేనే ఏరులోంచి వెళ్లిపోతున్నానా అని కొన్ని మధ్యాహ్నాలు తేల్చుకోలేకపోయేదాన్ని.

నన్ను నడిపిన మనిషి పేరు గేదెల పోలినాయుడు. పొడుగ్గా, కొంచెం వంగి ఉండేవాడు. మాట తక్కువ. పొద్దున రాగానే నా మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు, జ్వరం చూసినట్టు. ఒకసారి గేజి కింద నా ఒళ్లు పగిలితే, వెల్డింగు చేసినవాడి పక్కనే కూర్చుని అతుకు చల్లారేదాకా కదల్లేదు. ఆ మచ్చ నాకు అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నం అతని భార్య పైడమ్మ క్యారేజీ తెచ్చేది. ఆవిడ మాటల పుట్ట. వీధిలో జరిగినవీ, జరగబోయేవీ, జరిగితే బాగుండేవీ అన్నీ చెప్పేది. పోలినాయుడు ఒక చెవితో ఆవిడ మాటల్నీ, ఇంకో చెవితో నా హోరునీ వింటూ అన్నం తినేవాడు. రెండింటిలో ఏది కాస్త తేడాగా వినిపించినా ముద్ద ఆపి తల ఎత్తేవాడు.

ఒక వేసవిలో అతను రావడం మానేశాడు. వేరే ఎవరో వచ్చి నన్ను నడిపారు. పోలినాయుడికి మెదడులో రక్తం గడ్డకట్టిందనీ, విశాఖపట్నంలో ఆస్పత్రిలో ఉన్నాడనీ వాళ్ల మాటల్లో విన్నాను. వానలు మొదలయ్యాక తిరిగొచ్చాడు. నడక బాగుంది, మాట బాగుంది, చేతిలో పట్టు కూడా బాగుంది. నా మీద అరచెయ్యి ఆనించి నిలబడినప్పుడు గండం గడిచిందనే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం పైడమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. మొగుడు మళ్లీ పనిలో చేరాడన్న సంబరం. గుమ్మంలో మాట్లాడకుండా నవ్వుతూ నిలబడింది. పోలినాయుడు తలెత్తి మర్యాదగా అడిగాడు.

"ఎవులు గావాలమ్మా?"

పైడమ్మ ఇంకా నవ్వింది. "బాగున్నాది నీ ఏళాకోళం."

ఆ గొంతు వినగానే పోలినాయుడు ఉలిక్కిపడి లేచాడు. "పైడమ్మా? నువ్వేటే?"

"నాను కాక ఇంకెవులు తెస్తారు నీకు కూడు?"

అతను దగ్గరికొచ్చి ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆవిడ నవ్వు మెల్లగా వాడిపోయింది.

"కళ్లు అవుపడతన్నాయి. ముక్కు అవుపడతన్నాది. అన్నీ ఉన్నాయి," అన్నాడు. "గాని నువ్వు అవుపడ్డం నేదే."

ఇంటి దగ్గర కూడా అలాగే ఉందట. ఇంట్లో ఉన్నది భార్యే కదా అన్న లెక్కన అతను నెట్టుకొచ్చాడు, భయంతో ఎవరికీ చెప్పలేదు. మళ్లీ ఆస్పత్రికి వెళ్లారు. కళ్లలో లోపం లేదనీ, ముఖం చూసి ఫలానా మనిషి అని పోల్చే చోటు మెదడులో దెబ్బతిన్నదనీ డాక్టరు చెప్పాడట. బాగుపడొచ్చు, పడకపోవచ్చు అన్నాడట. అప్పటినుంచి పైడమ్మ గుమ్మం అవతల ఆగి, గాజులు కదిపి, "నానే" అని చెప్పి లోపలికి వచ్చేది. పెళ్లయి ఇంతకాలమయ్యాక తానెవరో రోజూ చెప్పుకోవలసి రావడం ఆవిడకి ఎలా ఉండేదో నేను ఊహించలేను. ఆ ఒక్క మాటా అనేటప్పుడు మాత్రం గొంతు చిన్నదైపోయేది.

లోకానికి ఇది వివరించడం కష్టం. కళ్లు లేవంటే జనం దారిస్తారు. కళ్లుండి పోల్చుకోకపోతే పొగరంటారు. పోలినాయుడు వీధిలో పాత స్నేహితుల్ని దాటుకుని వెళ్లిపోయేవాడు. వాళ్లు మాటలు మానేశారు. ఒక ఆదివారం సంతలో పైడమ్మలాగే చిలకపచ్చ చీర కట్టుకున్న ఇంకో ఆవిణ్ని చూసి, తన భార్యే అనుకుని, వెనకే నడిచి, చేతిలోని సంచీ అందుకోబోయాడు. ఆవిడ తమ్ముళ్లు చొక్కా పట్టుకున్నారు. పైడమ్మ పరుగున వచ్చి విడిపించింది.

"మొకాలు తెల్దు బాబూ ఆయనకి, రోగం, అని సెప్పినాను," అంది మర్నాడు నా పక్కన కూర్చుని. "పెళ్లాం మొకం తెలవని రోగం ఏ ఊర్లో ఉన్నాదని నవ్వినారు."

పోలినాయుడు గుడ్డతో నా గేజి తుడుస్తూ ఉండిపోయాడు. అప్పటినుంచి సంతకి వెళ్లలేదు. ఇల్లూ నేనూ, అంతే. నా దగ్గర అతనికి సుఖంగా ఉండేదనుకుంటాను. నన్ను పోల్చుకోమని నేను ఎప్పుడూ అడగలేదు.

తరవాత మిల్లు మూతపడింది. నేను తిరగడం ఆగిపోయింది. నిశ్శబ్దం ఎంత బరువుగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఏరు కిటికీ అవతల నుంచే వెళ్లిపోయేది, నాతో పని లేకుండా. పోలినాయుణ్ని కాపలాకి ఉంచారు. యంత్రాలన్నీ అమ్మకానికి పెట్టారు, కొనేవాళ్లకి చూపించడానికి ఫొటోలు కావాలన్నారు. అందుకోసం శ్రీకాకుళం నుంచి నస్రీన్ అనే ఆవిడ వచ్చింది. తండ్రి పెట్టిన ఫొటో స్టూడియోని ఒక్కతే నడుపుతోంది. పెళ్లిళ్ల ఫొటోలు తీసీ తీసీ మనుషులంటే విసుగొచ్చిందనీ, యంత్రాలు నవ్వమని చెప్పకపోయినా బాగుంటాయనీ అంది.

నా ముందు ఆవిడ చాలాసేపు ఉంది. తల అటూ ఇటూ వంచి, "దీనికి సగం మొహమే ఉంది," అనుకుంది తనలో తను.

పోలినాయుడు వినయంగా చెప్పాడు. "మొకాల ఇసయం నన్నడక్కమ్మా. నాకు తెల్దు."

ఆవిడ అడిగింది, అతను చెప్పాడు. బయటివాళ్లకి అతను తన సంగతి చెప్పుకోవడం నేను వినడం అదే మొదలు. ఆవిడ నవ్వలేదు.

మళ్లీ వచ్చినప్పుడు కొన్ని ఫొటోలు అచ్చు వేయించి తెచ్చింది. అమ్మకం కోసం కాదు, తన సరదా కోసం చేసినవి. ఒక్కో యంత్రం ఫొటోని నిలువునా సగానికి కోసి, ఆ సగాన్నే అద్దంలో చూసినట్టు తిరగేసి రెండో పక్కన అతికించింది. పైడమ్మ కూడా అప్పుడే క్యారేజీతో వచ్చి ఉంది. నస్రీన్ ఫొటోలన్నీ బల్ల మీద పరిచింది. చూస్తుండగానే ఇనుములోంచి ముఖాలు లేచాయి. మగ్గం చెంపలు పీక్కుపోయిన ముసలాయన అయింది. బాయిలరు తలుపు మీసాలు మెలేసి ఉరిమింది. స్విచ్చిబోర్డు నోరు తెరుచుకుని ఆశ్చర్యపోయింది.

"ఓలమ్మ, ఇది మా పెద్దత్తే," అని పైడమ్మ ఒకటి పట్టుకుని పగలబడి నవ్వింది. "కోడలు కూరలో ఉప్పెక్కువేసిందని సూత్తన్నాది."

ఆ నవ్వు చూసి నస్రీన్ కెమెరా ఎత్తి ఆవిణ్ని ఒక ఫొటో తీసింది.

పోలినాయుడు బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. ఒక ఫొటో దగ్గర ఆగాడు. దాన్ని వెలుగులోకి తీసుకొచ్చి పట్టుకున్నాడు. అతని చేతిలో నాకు నేను కనిపించాను. రెండు ఇత్తడి కళ్లు. వాటి మధ్య ముక్కు. కింద ఏదో అనబోయి ఆగినట్టున్న గుండ్రటి నోరు. రెండు చెంపల మీదా అతుకు మచ్చ. నాలో ఇన్నాళ్లూ ఎవరో కూర్చుని, ఏటి వైపు చూస్తూ ఉన్నారా అనిపించింది. ఇనుముకి ఒళ్లు జలదరించడం ఉంటే అదే.

"ఇది మన పంపు," అన్నాడు పోలినాయుడు.

"ఎలా తెలిసింది?" అంది నస్రీన్.

"మచ్చ ఉన్నాది కదా. ఒక్క ఎడం పక్కనే రెండుసార్లు ఏసినావు." ఫొటోని పైడమ్మ వైపు తిప్పాడు. "మొకం సూసి పేరు సెప్పినాను. సూసినావా పైడమ్మా? మొకం సూసి పేరు సెప్పినాను."

పైడమ్మ నవ్వు ఆగిపోయింది. చేతిలోని ఫొటో బల్ల మీద పెట్టింది.

"ఇనప పంపు మొకం తెలిసింది నీకు," అంది.

"అది కాదే..."

"దానికి మొకమే నేదు. ఈయమ్మ కత్తిరించి అతికించింది. అదీ తెలిసిపోనాది. నీ ఎదర నిలబడి రోజూ నానే, నానే అని సెప్పుకుంటన్నాను. నా మొకం తెల్దు." ఆవిడ ఏడవలేదు. ఏడ్చి ఉంటే అతను ఏదో ఒకటి అని ఉండేవాడు. "నాను అలిసిపోనాను మావా. దాంతోనే ఉండు."

క్యారేజీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆమదాలవలస అవతల అన్నగారి ఊరికి బస్సెక్కిందని తెలిసింది. పోలినాయుడు కబురు పంపినా రాలేదు.

ఈ తగువులో నా తప్పేమీ లేదని మీరంటారు. నిజమే. అయినా ఆవిడ కూర్చునే చోట ఖాళీ స్టూలు చూస్తూ ఉండటం నాకు బాగుండలేదు.

విషయం తెలిసి నస్రీన్ మళ్లీ వచ్చింది. కవరులోంచి మూడు ఫొటోలు తీసి పోలినాయుడికి ఇచ్చింది. అతను మూడూ మార్చి మార్చి చూశాడు.

"ఎవులమ్మా ఈలు ముగ్గురూ? అప్పసెల్లెళ్లా?"

"ముగ్గురూ పైడమ్మగారే బాబాయ్. ఇది ఆ రోజు నవ్వినప్పుడు తీసింది. ఇది ఎడమ సగాన్ని రెండుసార్లు వేసింది. ఇది కుడి సగం రెండుసార్లు. మీరు పంపుని మచ్చ చూసి పట్టుకున్నారు కదా. ఆవిడలో అలాంటివి ఏమున్నాయో చూడండి."

ఆవిడ వెళ్లాక అతను వాటిని కిటికీ పక్క గోడకి వరసగా అంటించాడు. వాటి పక్కనే నాది కూడా అంటించాడు. నాకెదురుగా నా ముఖం, దాని పక్కన ముగ్గురు పైడమ్మలు. ఏటి వెలుగు వాటి మీద కదిలేది. కదిలినప్పుడల్లా నలుగురం ఏదో మాట్లాడుకుంటున్నట్టు ఉండేది.

పోలినాయుడు స్టూలు జరుపుకుని వాటి ముందు కూర్చునేవాడు. వేలితో తడుముతూ పైకే అనుకునేవాడు. "ఎడం కనుబొమ్మకి గాటు ఉన్నాది. కుడిదానికి నేదు. ఎడం పక్క మూతి తిన్నగా ఉన్నాది. కుడి పక్క పైకి లెగిసి ఉన్నాది. ఎడం కన్ను పెద్దది." రెండు ఎడమ సగాల పైడమ్మ కోపంగా, దిగులుగా ఉండేది. రెండు కుడి సగాల పైడమ్మ కొంటెగా, ఏ చీకూ చింతా లేనట్టు ఉండేది. అసలు పైడమ్మ ఆ ఇద్దరి మధ్యా ఎక్కడో ఉంది. ఒక రోజు అతను హఠాత్తుగా ఆ రెండు ఫొటోలూ ఊడదీసి, అసలు ముఖం ఉన్నదాన్ని మాత్రం ఉంచాడు.

"ఈలిద్దర్నీ నాను ఎరగను," అన్నాడు నాతో. "ఇది పైడమ్మ."

ఆ మాట విన్నాక నా ఫొటోకేసి కొత్తగా చూశాను. అందమైన ముఖమే. కానీ అందులో నా ఒట్టి ఇనుప పక్క లేదు. చుట్టుకుపోయిన నా ఒళ్లు లేదు. బాగా నిద్రపోయి లేచిన ఇంకేదో యంత్రం ముఖం అది, నాది కాదు. దిగులేమీ కలగలేదు. కలలో చూసిన ఊరిలాగా, ఉంటే బాగుండేది, లేకపోయినా ఫరవాలేదు.

నన్ను తీసుకుపోవడానికి లారీ వచ్చిన రోజు మిల్లులో పనిచేసినవాళ్లు చాలామంది వచ్చారు. ఆడవాళ్లు గేటు దగ్గర చింతచెట్టు నీడలో గుంపుగా నిలబడ్డారు. పంపు గది గోడ పగలగొట్టి నన్ను బయటికి లాగారు. ఇన్నేళ్లకి ఆరుబయట ఎండలోకి వచ్చి కళ్లు చెదిరినట్టయింది. క్రేను గొలుసు తగిలిస్తుండగా ఆ గుంపులో వెనగ్గా పైడమ్మ నాకు కనిపించింది. వదినగారి చీర కాబోలు, ఎప్పుడూ చూడని ముదురు ఎరుపు. అందరూ వస్తున్నారని వచ్చి ఉంటుంది. చేతులు కట్టుకుని నిలబడింది, గాజు కదలకుండా. నోరు విప్పే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

పోలినాయుడు గుంపు దగ్గరికి వెళ్లాడు. ఆవిడ వచ్చిందని ఎవరో చెప్పినట్టున్నారు. ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. అతను అడగలేదు. ఒక్కొక్క ముఖం ముందే ఆగుతున్నాడు. కొందరు ఇబ్బందిగా తల తిప్పుకున్నారు. ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సంతలో జరిగింది అందరికీ తెలుసు. మళ్లీ తప్పు మనిషిని పట్టుకుంటే ఏమవుతుందో అతనికీ తెలుసు. చెవుల వెనక చెమట కారుతోంది. గొలుసుకి వేలాడుతూ నేను ఏమీ చెయ్యలేకపోయాను.

పైడమ్మని దాటి వెళ్లిపోయాడు. ఆవిడ కళ్లు దించుకుంది.

నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చాడు. ఆవిడ ఎదురుగా నిలబడి ఎడమ కనుబొమ్మకేసి చూశాడు, మూతికేసి చూశాడు, మళ్లీ కనుబొమ్మకేసి చూశాడు.

"పైడమ్మా," అన్నాడు.

ఆవిడ తలెత్తింది.

"నువ్వే. గాటు ఉన్నాది. నువ్వు నవ్వకపోతే మూతి కుడి పక్క లెగదు. అందికే ఆలీసమయిపోనాది."

పైడమ్మ ముఖం ఏడుపుకీ నవ్వుకీ నడుమ కాసేపు కొట్టుకుంది. చివరికి కుడి పక్క పెదవి కొస లేచింది.

"ఇంతసేపేటి?" అంది. "కాళ్లు పీక్కుపోతన్నాయి నాకు."

"రేపటికి బేగి అవుద్ది."

"అవకపోతే అడుగు. సెప్తాను." కొంగుతో అతని మెడ మీద చెమట తుడిచింది. "అందరి ఎదరా అడగమాకు. ఇంట్లో అడుగు."

నన్ను లారీ మీదికి దించారు. బండి కదిలాక చింతచెట్టు కింది మనుషులు చిన్నవాళ్లయిపోయారు. ముందు చీరల రంగులు కలిసిపోయాయి, తరవాత ముఖాలు. దుమ్ములో ఎవరు ఎవరో నాకే తెలియలేదు. అతను ఇన్నాళ్లూ ఎలాంటి చోట తిరిగాడో ఆ కాసేపట్లో నాకు కొంచెం తెలిసింది.

ఇప్పుడు గాజువాక దగ్గర ఒక పాత ఇనుము యార్డులో ఉన్నాను. నా పక్కన ఓడ లంగరు ముక్క ఒకటి ఉంది. సముద్రపు గాలికి ఇద్దరం ఒకే రంగు తుప్పు పడుతున్నాం. వాన పడితే నాలోకి నీళ్లు చేరి, ఎటూ పోకుండా నిలబడతాయి. అందులో ఆకాశం కాసేపు ఉండి వెళ్లిపోతుంది.

ఈ మధ్య ఒక పొద్దున నస్రీన్ వచ్చింది. యార్డులో యంత్రాల ఫొటోలు తీసుకుంటానంటే యజమాని సరేనన్నాడు. పంచె కట్టుకున్న పెద్దమనిషి, ఈ తుప్పు ఫొటోలు ఎవరు కొంటారో ఆయనకి అర్థం కాలేదు. నన్ను చూసి ఆవిడ ఆగిపోయింది. దగ్గరికొచ్చి మచ్చ మీద వేలు పెట్టింది.

"ఇది నాకు తెలుసండీ," అంది ఆయనతో. "దీన్ని నడిపినాయన మొన్న రైల్వేస్టేషన్లో కనపడ్డాడు. ఆయనకి మొహాలు గుర్తుండవు. నేను పలకరిద్దామని వెళ్లేలోపే ఆయనే ఎదురొచ్చి, 'గడ్డం ఓ పక్కకి పోనాది, నువ్వు ఫొటోలమ్మవే గావాల' అన్నాడు. పక్కనున్న భార్య, ఆడపిల్లతో అలాగంటారా అని ఒకటే తిట్టు."

"అయ్యో," అన్నాడు యజమాని.

"చిన్నప్పుడు జట్కా మీంచి పడ్డాను. అప్పటినుంచీ ఇలాగే ఉంది." ఆవిడ గడ్డం తడుముకుంది. "ఊరందరికీ ఫొటోలు తీస్తాను గానీ నా ఫొటో ఎప్పుడూ పక్క నుంచే తీయించుకునేదాన్ని. నాకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను." కెమెరా మెడలోంచి తీసి ఆయన చేతికిచ్చింది. "ఇక్కడ నొక్కండి. నేరుగా తీయండి."

నా పక్కకి వచ్చి నిలబడి, ఎండకి కళ్లు చిట్లించుకుని ఎదురుగా చూసింది. ఆయన కెమెరాని భయంభయంగా పట్టుకుని నొక్కాడు. గేటు వైపు నుంచి, పాత ఇనుముని ముక్కలుగా కోసే గ్యాసు కట్టరు వాళ్లు సిలిండరు దొర్లించుకుంటూ మా వైపే వస్తున్నారు.

"ఇంకొకటి తీయండి," అంది నస్రీన్.